బండల సందుల్లో ఏ మొక్క నిలుస్తుంది?

రోహిణి కార్తె ఎండలు ముదిరేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మల్లెల కత్తిరింపు, మామిడి పిందె రాలడం వంటి ప్రశ్నలు తగ్గి, వానలు పడగానే ఏం నాటాలన్న ప్రశ్నలు పెరుగుతాయి. ఈసారి అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. పెరట్లోనో, ఇంటి చుట్టూనో పరిచిన నాపరాళ్ల మధ్య సందుల్లో మట్టి కొట్టుకుపోకుండా, కలుపు తలెత్తకుండా, నేలను అంటిపెట్టుకుని పెరిగే మొక్క ఏది? ఒక్కొక్కరి స్థలం ఒక్కో తీరుగా ఉన్నందువల్ల అందరికీ ఒకే పేరు చెప్పడం కుదరదు. కాబట్టి ఎంపిక చేసిన ఉత్తరాలకు విడివిడిగా సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: పెరట్లో 18 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉన్న స్థలంలో ఇసుక పోయించి, దాని మీద రెండడుగుల చదరపు తాండూరు బండలు పరిపించాము. బండకూ బండకూ మధ్య రెండంగుళాల ఎడం వదిలించాను. ఉదయం నుంచి మూడు గంటల దాకా ఎండ ఉంటుంది. బట్టలు ఆరవేయడానికి రోజూ అటూ ఇటూ తిరుగుతాము. ఒక నర్సరీలో కొరియన్ గ్రాస్ వేయమన్నారు. మరొక చోట పసుపు పూల తీగ ఒకటి చూపించి, ఇది ఇట్టే అల్లుకుపోతుందన్నారు. ఏది వేయమంటారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా ఆ పసుపు పూల తీగ సంగతి చెబుతాను. వర్ణనను బట్టి అది వెడేలియా. ఇట్టే అల్లుకుపోతుందని నర్సరీవారు చెప్పిన మాట అక్షరాలా నిజం, అందుకే దాన్ని వద్దంటున్నాను. ప్రపంచమంతటా స్థానిక మొక్కలను తరిమేసే అతి చెడ్డ చొరబాటు జీవులు వంద అంటూ రూపొందించిన జాబితాలో దానికీ చోటు దక్కింది. అడుగు ఎత్తు పెరిగి, బండల మీదికి పాకి, నడిచేవారి కాళ్లకు చుట్టుకుంటుంది. ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

కొరియన్ గ్రాస్ మీ స్థలానికి సరిపోతుంది. ఎండ పుష్కలంగా ఉంది, రెండంగుళాల సందు చాలు, రోజువారీ నడకను తట్టుకుంటుంది. నిదానంగా పాకుతుంది కనుక బండలను మింగేస్తుందన్న బెంగ లేదు. అయితే రెండు చిక్కులున్నాయి. వేసవిలో నీరు తప్పిస్తే గోధుమరంగుకు తిరుగుతుంది. రెండోది, బండల మధ్య గడ్డి కోసే యంత్రం నడవదు కాబట్టి, బుగ్గలు బుగ్గలుగా ఉబ్బిన గడ్డిని కత్తెర పట్టుకుని వంగి కత్తిరించాలి. ఏడాదికి నాలుగైదు సార్లే అయినా, నడుము నొప్పి ఉన్న ఇంట్లో అది చిన్న పని కాదు.

నన్నడిగితే, మీరు డబ్బు పెట్టి కొనవలసిన మొక్క ఏదీ లేదంటాను. మీ ఊరి చుట్టూ కాలువ గట్లున్నాయి, వరి పొలాల గట్లున్నాయి. ఆ గట్ల మీద, జనం నడిచి నడిచి గట్టిపడిన చోట, నేలకు అతుక్కుని ఒక మొక్క పరచుకుని ఉంటుంది. దాన్ని బొక్కెనాకు అంటారు. ఆకు చిన్న గరిటె ఆకారంలో ఉండి, మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా, కొస భాగంలో మాత్రమే రంపపు పళ్లతో కనిపిస్తుంది. ఆకు పక్కనుంచి అంగుళం, అంగుళంన్నర కాడ నిటారుగా లేచి, దాని చివర అగ్గిపుల్ల తలకంటే కొంచెం పెద్దదైన ఊదారంగు బొడిపె ఉంటుంది. ఆ బొడిపె చుట్టూ తెల్లని పూలు ఒక వలయంగా పూస్తాయి. రోజులు గడిచేకొద్దీ బొడిపె పొడుగవుతుంది, పూల వలయం పైపైకి జరుగుతుంది. దగ్గరగా కూర్చుని చూస్తే తప్ప ఈ అందం కంటపడదు, గట్టు మీద వెళ్లేవారు దాన్ని తొక్కుకుంటూ పోతారు.

మనకు కావలసిన గుణం కూడా అదే, తొక్కినా బతకడం. నడక ఉన్న చోట రెండంగుళాలు మించి లేవదు. పాకే తీగకు కణుపు కణుపునా వేళ్లు దిగుతాయి కాబట్టి మట్టిని పట్టి ఉంచుతుంది. నాలుగు రోజులు నీళ్లు నిలిచినా కుళ్లదు, నెల రోజులు నీళ్లు లేకపోయినా వేరు చావదు. దోషాలూ చెప్పాలి. వానాకాలంలో నెలకొకసారైనా బండల మీదికి పాకిన తీగలను కత్తిరించకపోతే పక్కనున్న పూల మడిలోకి వెళ్లిపోతుంది. ఆస్ట్రేలియాలో నదీతీరపు పచ్చికబయళ్లను దీనికి దగ్గరి చుట్టమైన మరో జాతి ఆక్రమించి పశువుల మేతకు ఇబ్బంది తెచ్చిపెట్టింది, కాబట్టి దీనికీ అదుపు అవసరమే. పూసే రోజుల్లో తేనెటీగలు వాలుతాయి. చెప్పులు లేకుండా బట్టలు ఆరవేసే అలవాటు ఉంటే, పూలు తలెత్తిన వారంలో పైపైన ఒకసారి కత్తిరించండి, లేదా ఎండ తగ్గాక ఆరవేయండి.

ఇక లెక్క. మీరు చెప్పిన కొలతల ప్రకారం వరుసకు ఎనిమిది చొప్పున ఆరు వరుసలు, అంటే 48 బండలు పడతాయి. వాటి మధ్య సందులన్నీ కలిపి దాదాపు 180 అడుగుల పొడవు వస్తుంది. నాలుగంగుళాల లోతున మట్టి నింపాలంటే సుమారు 10 ఘనపుటడుగుల మట్టి కావాలి, సిమెంటు సంచుల కొలతలో చెబితే ఎనిమిది సంచులు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. మీ ప్రాంతంలో తేలిగ్గా దొరుకుతుంది కదా అని నల్లరేగడి మట్టిని మాత్రం నింపవద్దు. తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ మట్టి రెండు వానాకాలాల్లో బండలను అటూ ఇటూ ఎత్తేస్తుంది. నేను ఒకసారి ఆ తప్పు చేసి, బండలన్నీ లేపించి మళ్లీ పరిపించుకున్నాను, మేస్త్రీ కూలి రెండుసార్లు పడింది.

మట్టి కోసం ఇసుకను తవ్వేటప్పుడు సందు అడుగున కిందికి మాత్రమే తవ్వాలి, పక్కకు బండ కిందికి చేయి పోనివ్వకూడదు. అంచు కింద ఆధారం పోతే, కాలు పడ్డ ప్రతిసారీ బండ ఊగుతుంది. మట్టిని బండ పైమట్టానికి సమంగా నింపక, అర అంగుళం కిందికి ఉంచండి. అప్పుడు కాలి బరువు బండ అంచు మీద పడుతుంది, మొక్క మొదలు నలగదు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోనందువల్లే చాలామంది ఇళ్లలో సందుల్లోని పచ్చిక మధ్యమధ్యలో బోడిగా తయారవుతుంది.

గట్టు మీద నుంచి నాలుగైదు కణుపులున్న తీగ ముక్కలు తెచ్చి, తొమ్మిదంగుళాలకొకటి చొప్పున రెండు కణుపులు మట్టిలో పూడేలా నాటండి. 240 ముక్కలు సరిపోతాయి. మృగశిర పోయి ఆరుద్ర కార్తె వచ్చాక, అంటే జూన్ చివరి వారంలో, నేల రెండుసార్లు బాగా తడిసిన తరువాత మొదలుపెడితే చేత్తో నీళ్లు పోసే శ్రమ తగ్గుతుంది. నాటిన మొదటి మూడు వారాలు తొక్కకుండా చూసుకోండి.

ప్రశ్న: మాది డూప్లెక్స్ ఇల్లు. ఇంటి వెనక షాబాదు బండలు సిమెంటుతో పరిచి ఉన్నాయి. సందు అర అంగుళమే ఉంది, అందులోనూ సిమెంటు నింపారు. దాన్ని గీకేసి మొక్కలు వేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేసుకోలేరు. సందును గీకినా దాని అడుగున మళ్లీ సిమెంటు పరుపే ఉంటుంది. నేలబారు మొక్కకైనా మూడు నాలుగంగుళాల మట్టి దొరకాలి. అర అంగుళం వెడల్పున్న బీటలో పోసిన చెంచాడు మట్టి ఒక్క మధ్యాహ్నపు ఎండకు ఇటుకపొడిలా మారుతుంది. సిమెంటులోనూ, షాబాదు రాయిలోనూ సున్నం ఉంటుంది. ఆ సున్నం కలిసిన కొద్దిపాటి మట్టిలో మొక్క వేళ్లు ఇనుమును తీసుకోలేవు. అప్పుడు లేత ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి.

మీకు నిజంగా పచ్చదనం కావాలంటే వేరే దారి ఉంది. నాలుగు బండలు కలిసే చోట, ఒక్కో బండ మూలను నాలుగంగుళాల మేర రాయి కోసే యంత్రంతో ఏటవాలుగా కోయించండి. నాలుగు మూలలూ పోగా మధ్యలో వజ్రపు ఆకారంలో చిన్న మడి ఏర్పడుతుంది. దాని అడుగున సిమెంటును ఉలితో పగలగొట్టించి, అసలు నేల తగిలేదాకా తవ్వించి, మట్టి నింపండి. అన్ని మూలలూ కోయించనక్కరలేదు, నడక పడని వైపు ఎనిమిదో పదో చాలు. పని మొదలుపెట్టక ముందు ఆ బండల కింద నీటి పైపు గానీ, డ్రైనేజీ పైపు గానీ పోతున్నదేమో ఇల్లు కట్టినవారిని అడగడం మరవకండి.

ప్రశ్న: ఇంటికి ఉత్తరం వైపు, ప్రహరీకి గోడకు మధ్య నాలుగడుగుల సందులో బండలు పరిచాము. ఎండ పడదు, చేతులు కడుక్కునే కుళాయి కూడా అక్కడే ఉంది. వేసిన గడ్డి రెండుసార్లు పోయింది, నాచు మాత్రం బాగా పడుతోంది. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నీడలో గడ్డి పోవడం మీ పెంపకంలోని లోపం కాదు. కొరియన్, మెక్సికన్ అని అమ్మే గడ్డి రకాలకు, మన గరికకూ ఎండే ప్రాణం. మీ స్థలంలో రెండు భాగాలున్నట్లుగా చూడండి.

కుళాయి నీళ్లు పడే అయిదారు అడుగుల మేర నీటి బ్రాహ్మి వేయండి. కండగల చిన్న ఆకులతో, లేత నీలం ఛాయ ఉన్న తెల్లని పూలతో అది తడినేలను కప్పేస్తుంది. బొత్తిగా నీడైతే సాగిపోయి పలచబడుతుంది కనుక, పగలు కొంత వెలుతురైనా తగిలే చోటే పెట్టండి. సబ్బునీళ్లు దాని మీదికి పోకుండా చిన్న కాలువ తీయించండి. ఇక్కడ ఒక పేరు తికమకను విడదీయాలి. సరస్వతి ఆకును కూడా కొందరు బ్రాహ్మి అని అమ్ముతారు. సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, పొడుగు కాడ మీద నిలుస్తుంది. నీటి బ్రాహ్మి ఆకు కాడ లేకుండా, జంటలు జంటలుగా కొమ్మనే అంటుకుని ఉంటుంది. రెండూ మీ తేమకు సరిపోతాయి గానీ, నీడలో సరస్వతి ఆకు కాడలు జానెడు లేచి, కాలు పడితే విరిగిపోతాయి. దాన్ని గోడ వారగా పెట్టి, కోసుకుని పచ్చడి చేసుకోండి.

మిగిలిన పొడి నీడ భాగానికి మినీ మాండో గ్రాస్ మంచిది. పేరుకు గడ్డి అనే గానీ గడ్డి జాతి కాదు. ముదురు ఆకుపచ్చ పోచలు రెండు మూడంగుళాల కుచ్చులుగా ఉండి, కత్తిరించే పని లేకుండా ఏళ్ల తరబడి అలాగే నిలుస్తాయి. చాలా మెల్లగా పిలకలు వేస్తుంది కాబట్టి దగ్గర దగ్గరగా నాటాలి, అందువల్ల ఖర్చు ఎక్కువే. మీకు కడియం నర్సరీలు కూతవేటు దూరంలో ఉన్నాయి కనుక, సంచుల్లోని కుచ్చును ఒకటి కొని, ఇంటికి తెచ్చి నాలుగైదు పిలకలుగా విడదీసి నాటితే ఖర్చు తగ్గుతుంది. నాచు విషయానికి వస్తే, సందుల్లో ఉన్నంతవరకు దాని జోలికి పోనక్కరలేదు. బండ మీదికి ఎక్కినప్పుడు మాత్రం జారిపడే ప్రమాదం ఉంది, కొబ్బరి పీచు చీపురుతో రుద్ది కడగండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఫొటో చూసి క్రీపింగ్ థైమ్ విత్తనాలు తెప్పించాను. బండల మధ్య ఊదారంగు తివాచీ పరిచినట్లు ఉంటుందని రాశారు. మొలిచినవి మే నెలలో మాడిపోయాయి. నీళ్లు కొరతగా ఉండే ఊరు మాది. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ ఫొటోలు చల్లని దేశాల తోటల్లో తీసినవి. థైమ్ నీటి ఎద్దడికి తట్టుకుంటుందన్నది నిజమే గానీ, దానికి చల్లని రాత్రులు కావాలి. కర్నూలు మే నెల వేడినీ, ఆ వెంటనే వచ్చే వానాకాలపు ఉక్కనూ కలిపి భరించే శక్తి దానికి లేదు. మీరు ఏం చేసి ఉన్నా అది పోయేదే.

తక్కువ నీళ్లతో గడిచే మొక్కల్లో, కాలు పడని అంచులకైతే నాచు గులాబీ వేయండి. కండగల ఆకుల్లో నీరు దాచుకుని, ఎండ ఎంత ఉంటే అంత పూస్తుంది. దానికి చుట్టమైన గంగవాయిలి కూర కూడా అంతే, పూల సొగసు లేకపోయినా పప్పులోకి పనికొస్తుంది. ఎర్ర గరుసు నేలల్లో వానలకు తనంతట తాను మొలిచే విష్ణుక్రాంతను కూడా ప్రయత్నించవచ్చు. సన్నని నూగు ఆకులతో చక్రంలా నేల మీద పరచుకుని, చొక్కా గుండీ కంటే చిన్నవైన నీలం పూలు పూస్తుంది. వేరుతో తవ్వి తెస్తే బతకడం కష్టం. ముదిరిన కాయలున్న రెమ్మలను తెచ్చి సందుల్లో దులిపి, తొలకరి దాకా వదిలేయండి.

నడిచే దారికి మాత్రం మీకు మొక్కే వద్దంటాను. మీ పక్కనే బేతంచెర్ల ఉంది, రాళ్లు కోసే చోట మిగిలే రాతి చిప్స్ చవకగా దొరుకుతాయి. సందుల్లో వాటిని నింపి, అంచుల్లో పూలు పెంచుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఇల్లు కొన్నాము. వెనక ప్యాటియో బండల మధ్య వేయడానికి ఇక్కడి నర్సరీలో ఫ్రాగ్‌ఫ్రూట్ అనే మొక్కను సూచించారు. దాని గురించి తెలుసా? – ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీకు కూడా తెలుసు, ఆ పేరుతో కాదు. పైన తెనాలి పాఠకురాలికి చెప్పిన బొక్కెనాకే అది. శాస్త్రీయ నామం ఫైలా నోడిఫ్లోరా అని కుండీ మీది చీటీలో రాసి ఉందేమో చూడండి. మన గట్ల మీద ఎవరూ పట్టించుకోని ఈ మొక్కను అక్కడ కుండీలో పెట్టి వెల కట్టి అమ్ముతున్నారంటే నవ్వు వస్తుంది గానీ, వారి సలహా సరైనదే. అది టెక్సస్‌కు కూడా సొంత మొక్కే. అక్కడి కొన్ని రకాల సీతాకోకచిలుకలు దాని మీద గుడ్లు పెడతాయి కాబట్టి, గొంగళిపురుగులు కనిపించినా మందు కొట్టకండి. మంచు పడినప్పుడు ఆకులు మాడి గోధుమరంగుకు వస్తుంది, చచ్చిందనుకుని పీకేయవద్దు, వసంతంలో వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి లీసెస్టర్‌లో ఇంటి వెనక నల్లబండలు పరిపించాడు. అవి కడప నుంచి వచ్చినవని అక్కడివారు చెప్పారట. వాటి మధ్య ఏ మొక్కలు వేయవచ్చో అడిగి చెప్పమన్నాడు. – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కడప నల్లరాయి ఇంగ్లండ్ ప్యాటియోలకు వెళ్లడం వింతేమీ కాదు, అక్కడి రాతి దుకాణాల్లో అది కడప పేరుతోనే అమ్ముడవుతోంది. అది సున్నపురాయి కనుక అక్కడి వానలకు రెండు మూడేళ్లలో నలుపు తగ్గి బూడిదరంగుకు తిరుగుతుందని మీ అబ్బాయికి ముందే చెప్పండి, మొక్కల వల్ల అలా అయిందని అనుకోకుండా ఉంటాడు.

కర్నూలులో మాడిపోయిన క్రీపింగ్ థైమ్‌కు సరైన చోటు అదే. ఎండ తగిలే వైపు, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో వేస్తే, రాతి నుంచి దిగే సున్నం దానికి నచ్చుతుంది కూడా. అడుగు పడినప్పుడల్లా వాము వంటి వాసన వస్తుంది. నీడ, తేమ ఉన్న వైపు కార్సికన్ మింట్ అనే నేలబారు పుదీనాను పెట్టవచ్చు. ఆకు ఆవగింజ కంటే కాస్త పెద్దదే గానీ వాసన ఘాటుగా ఉంటుంది. పూలు పూయని ట్రెనేగ్ రకం చామంతి కూడా అక్కడ పేరున్నదే, అయితే ఎక్కువ నడకను భరించదు. ఏప్రిల్, మే నెలల్లో గానీ, సెప్టెంబరులో గానీ నాటమనండి. అక్కడి వారు మైండ్ యువర్ ఓన్ బిజినెస్ అని పిలిచే చిన్న ఆకుల తీగను ఎవరైనా ఇస్తే పుచ్చుకోవద్దనండి. ఒకసారి దిగితే పచ్చికలోకీ, పూలమడిలోకీ పాకి, తీసేయడం తలకు మించిన పని అవుతుంది.

ప్రశ్న: బండల సందుల్లో మొక్కలు వేస్తే పాములు చేరతాయని మా అత్తగారు ససేమిరా అంటున్నారు. – ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆమె భయం అర్థం లేనిది కాదు, కొబ్బరి తోటల మధ్య ఉండేవారికి అది అనుభవం నేర్పిన జాగ్రత్త. అయితే రెండంగుళాల మొక్కలో పాము దాగలేదు. బండ కింద ఇసుక జారిపోయి ఏర్పడిన బోలు, అందులో ఎలుక చేసిన కన్నం, వీటిలో చేరుతుంది. మట్టి నింపి, వేళ్లు పట్టించిన సందు కంటే ఖాళీగా వదిలేసిన సందే ప్రమాదం. ఊగే బండ ఏదైనా ఉంటే ముందు దాన్ని లేపించి, కింద ఇసుక గట్టిగా దిమ్మిస వేయించండి. మొక్కలను అడుగెత్తు పెరగనివ్వకండి. గుమ్మం ముందు, కళ్లాపి చల్లి ముగ్గు వేసే బండల మధ్య మాత్రం ఏమీ నాటవద్దు. ముగ్గుపిండి పేరుకుని మొక్క పాడవుతుంది, ఆకుల వల్ల ముగ్గూ కుదరదు. అత్తగారు అందుకైనా సంతోషిస్తారు.

ప్రశ్న: సందుల నిండా తుంగ. పీకినకొద్దీ వస్తోంది. వెనిగర్‌లో ఉప్పు కలిపి పోస్తే చస్తుందని వీడియోలో చూశాను. పోయవచ్చా? మావి తాండూరు బండలు, ఇసుక మీద పరిచినవి. తుంగ పోయాక కొరియన్ గ్రాస్ వేయాలని ఉంది. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోయకండి. మీ బండ మీద, కంటికి కనపడని మూలలో, ఒక నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నగా బుసబుసమని నురగ వస్తుంది, తుడిచేశాక అక్కడ మెరుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. తాండూరు, షాబాదు, కడప, బేతంచెర్ల రాళ్లన్నీ సున్నపురాళ్లే, పులుపు ఏదైనా వాటిని తినేస్తుంది. వెనిగర్ పని కూడా అంతే, బండను పాడుచేసి తుంగ ఆకులను మాత్రం మాడుస్తుంది. ఉప్పు అంతకంటే చేటు, మీరు తరువాత నాటబోయే గడ్డి కూడా ఆ మట్టిలో బతకదు. మరిగే నీళ్లు పోయమని చెప్పేవారూ ఉన్నారు, అవి పులిచింతకూ, రెడ్డివారి నానుబాలుకూ పనిచేస్తాయి గానీ, లోపలున్న తుంగగడ్డ దాకా వేడి దిగదు.

ఆకు పట్టుకుని లాగితే తుంగ గడ్డ దగ్గర పుటుక్కున తెగిపోతుంది, అసలు మొక్క ఆ నల్లని చిన్న గడ్డే. ఒక గడ్డకు దారంలాంటి వేరుతో మరొకటి, దానికి ఇంకొకటి, దండలా గుచ్చినట్లు బండల కిందుగా సాగిపోయి ఉంటాయి. మీ బండలు సిమెంటుతో కాక ఇసుక మీద ఉండడం ఇక్కడ అదృష్టం. రెండు మంచి వానలు పడ్డాక, తుంగ ఎక్కువగా ఉన్న చోట బండలను గునపంతో లేపి పక్కన పెట్టండి. తడి ఇసుకలో చేయి పెట్టి, దారాన్ని పట్టుకుని మెల్లగా వెంబడిస్తే గడ్డలు దండతో సహా వస్తాయి. వాటిని పెంట కుప్పలో వేయక, ఎర్రటి ఎండలో బండ మీద పరిచి ఎండబెట్టండి. రెండు వారాలు ఆ చోటును తడుపుతూ ఖాళీగా ఉంచితే మిగిలిపోయిన గడ్డలు మొలకెత్తి తమ జాడ తామే చెబుతాయి, వాటినీ తవ్వి తీశాక బండలు వేయండి. అప్పుడు కూడా ఒకటీ అరా మిగులుతాయి. వాటికి ఆకు మూడంగుళాలు లేచే లోపల, వారానికొకసారి పాత స్క్రూడ్రైవర్‌తో గడ్డ దాకా పెకలిస్తూ పోవాలి.

ఆ రెండు వారాలు ఆగలేక మొదటి రోజే కొరియన్ గ్రాస్ ముక్కలు తెచ్చి అతికించినవారు, మరుసటి నెల గడ్డిలో గడ్డిగా కలిసిపోయిన తుంగను పోచపోచగా ఏరుకుంటూ కూర్చోవడం నేను చూశాను.